మేస్త్రి ఉలి పట్టిన ఏళ్ళు

మా మేస్త్రి పోయాడు. ఇవాళ్టికి పదమూడు రోజులు. ఆ గురువారం పొద్దున్న చోడి అంబలి గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆస్పత్రి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్నా, కూకున్నావా?" అంది.

కూర్చునే ఉన్నానమ్మా అన్నాను.

"మేస్త్రి పెదనాన్న పోనాడు నాన్నా. ఇప్పుడే. పెద్దమ్మ పక్కనే ఉంది."

ఆ అంబలి అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం మా ఆవిడ నాకు చెప్పకుండా తీసుకెళ్ళి దూడకి పోసింది.

మీలో చాలామంది ఆయన్ని ఎరగరు. కానీ అరకు చుట్టుపక్కల సంతల్లో ఎప్పుడైనా నల్లరాతి తిరగలి కొన్నారంటే, ఆయన చేతి పని మీ ఇంట్లో ఉండే ఉంటుంది. తిరగళ్ళు, రోళ్ళు, సన్నికళ్ళు చేసేవాడు. నాకు ఆ పని నేర్పింది ఆయనే. నేను ఏడో తరగతి చదివినవాణ్ణి, ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. వాగుడు మనిషిని. రాతలో కూడా వాగుడైతే మన్నించండి.

పద్నాలుగేళ్ళప్పుడు బడి మానేసి ఆయన దగ్గర చేరాను. నాకంటే తొమ్మిదేళ్ళే పెద్ద, అయినా అప్పటికే అందరికీ మేస్త్రి. మొదటి నెల నన్ను ఉలి ముట్టనివ్వలేదు. రాయిని వేలి కణుపుతో కొట్టి వినమనేవాడు. లోపల బీట ఉన్న రాయి ఒకలా పలుకుతుంది, గట్టి రాయి ఒకలా పలుకుతుంది.

"ఏటి వినపడింది?" అనేవాడు.

ఏమీ వినపడలేదనేవాణ్ణి.

"ఎలగ వినపడతాదిరా! నువ్వు నోరు మూత్తే కదా!" అనేవాడు.

నోరు మూయడం నాకు ఆరోజూ రాలేదు, ఈరోజూ రాలేదు. దాని సంగతే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

తిరగలికి గంట్లు, అంటే పిండి నలిగే గీతలు, కొట్టేటప్పుడు ఒక్కో వరస అయ్యాక ఆయన రాయి మీదికి ఒంగి 'ఉఫ్' అని ఊదేవాడు. పొడి లేచి తిన్నగా మొహానికే వచ్చేది. కనుబొమ్మలు, మీసం తెల్లబడిపోయేవి. అప్పుడు ఒక కన్ను మూసి గీత వంకరపోయిందేమో చూసుకునేవాడు. నాకూ అదే నేర్పాడు. "సేత్తో తుడవకు. తుడిస్తే పొడి గీతలోకి కూరుకుపోద్ది. ఊదు," అనేవాడు. గుండెల నిండా గాలి పీల్చుకుని ఊదేవాళ్ళం. మళ్ళీ పీల్చేటప్పుడు లోపలికి పోయేదేమిటో ఎవరం ఆలోచించలేదు. ఒక గీత తిన్నగా వచ్చిందని ఆయన తల పంకిస్తే నాకు ఆ పూట అన్నం కూడా అక్కర్లేకపోయేది.

సంతకి తిరగళ్ళు కిరండోలు పాసింజర్లో వేసుకుని వెళ్ళేవాళ్ళం. ఒకసారి టైడా స్టేషన్లో రైల్వే ఉద్యోగి ఒకాయన కేకలేశాడు, ఈ రాళ్ళతో పెట్టె కుంగిపోతుందని. మా మేస్త్రి మెల్లిగా దిగి, పక్క పట్టాల మీద ఆగి ఉన్న ఇనుపరాయి గూడ్సు బండి చూపించాడు. "బాబూ, కొండల్నే లాక్కెళ్ళిపోతన్నాది మీ రైలు. నా తిరగలికి దాని నడుం ఇరిగిపోద్దేటి?" అన్నాడు. ఆ కేకలేసినాయన నవ్వేసి, తానే ఒక చెయ్యి వేసి రాయి పైకెక్కించాడు.

సంతలో కొండల మీది ఆడవాళ్ళు చోళ్ళు, అంటే రాగులు, విసురుకోడానికి తిరగలి బేరమాడుతూ, "ఏటి మేస్త్రీ, ఇది ఎన్నాళ్ళొత్తాది?" అనేవారు. "నీ మనవరాలి పెళ్ళిలో పిండి దీన్లోనే విసురుతావు. నాను ఉంటే నాను, నేకపోతే ఈ వాగుడుకాయగాడు వచ్చి గంట్లు కొట్టి పోతాడు," అని నన్ను చూపించేవాడు.

తర్వాత మిక్సీలొచ్చాయి, పిండి మరలొచ్చాయి. తిరగళ్ళ గిరాకీ తగ్గింది. కొండ దిగువన కంకర కొట్టే క్రషర్ పెడితే ఇద్దరం అందులో చేరాం. అక్కడి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఇరవయ్యేళ్ళ పిల్లలకి కూడా తలలు నెరిసిపోయేవి. "సూడరా, అందరం బేగి ముసిలోళ్ళమైపోనాం," అనేవాడు. అయిదేళ్ళకి మానేశాడు. దుమ్ముకి భయపడి కాదు. ఆ మోతలో రాయి ఏమంటున్నదో వినపడటం లేదట. నేను పదకొండేళ్ళు చేశాను.

ఇక్కడ మా వాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. మా రాతి పనివాళ్ళ ఇళ్ళలో 'పని' అంటే బయటికి వెళ్ళి చేసేదే. క్రషరు పని, రోడ్డు పని, కాంట్రాక్టరు పని. ఇంటి ముందు టార్పాలిన్ కింద కూర్చుని తిరగళ్ళు చేసుకునేదాన్ని మేం పని అనం. క్రషర్ మానేశాక మేస్త్రి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ టార్పాలిన్ కిందే ఉండేవాడు. సంతకి కొత్త తిరగళ్ళు చేసినా, పాతవాటికి గంట్లు కొట్టినా అదే చోటు. ఎవరైనా వచ్చి మేస్త్రి ఏం చేస్తున్నాడని అడిగితే ఆయన భార్య, మా వదిన, "ఏటుంది, కాళీగానే ఉన్నాడు. రాయి కొట్టుకుంటన్నాడు," అనేది. నేనూ అలాగే అనేవాణ్ణి. అందులో తప్పుందని ఎవరికి తోస్తుంది?

మా అమ్మాయి ఆ టార్పాలిన్ కిందే పెరిగింది. మేస్త్రికి పిల్లల్లేరు. దానికి అరచేతిలో పట్టేంత తిరగలి చేసిచ్చాడు, పిడితో సహా. చింతపిక్కలు వేసి తిప్పుతూ ఆ తెల్లపొడిలోనే కూర్చునేది. అది పదోతరగతి పాసైతే ఆయన నాకంటే ముందు వీధిలోకెళ్ళి చెప్పి వచ్చాడు. ల్యాబ్ టెక్నీషియన్ చదివింది. మా కొండ మీది ఆస్పత్రిలోనే ఉద్యోగం వచ్చింది. నా సంతోషం ఏమని చెప్పను! ఆర్డరు కాగితం చొక్కా జేబులో పెట్టుకుని నాలుగు ఊళ్ళు తిరిగాను. బస్సులో పక్కన కూర్చున్న, ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా చూపించాను. ఇప్పటికీ ఆ కాగితం తలుచుకుంటే నా ఒళ్ళు తేలిపోతుంది.

అంతకు ముందే మా ఇద్దరికీ పట్నంలో ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందని చెప్పారు. దగ్గు ఎలాగూ ఉంది. దాన్ని రాతి దగ్గు అనుకునేవాళ్ళం. అది మా పనికి వచ్చే పెన్షనురా అని మేస్త్రి నవ్వేవాడు.

పోయిన ఏడాది మా ఊరి బడి వరండాలో క్యాంపు పెట్టారు. రాతి పని, గని పని చేసినవాళ్ళందర్నీ రమ్మన్నారు. డాక్టరుగారు కుర్రాయన, ఓపిగ్గా చెప్పారు. "లోపల చేరిన రాతిపొడి మళ్ళీ బయటికి రాదు. ఆ పొడి ఉన్నచోట టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది. పట్టుకున్నాక కూడా అదే పాత దగ్గనుకుని మీరు ఊరుకుంటారు. అందుకని వచ్చేదాకా ఆగం. ఎవరికి వచ్చే వీలు ఎక్కువో ముందే లెక్క చూసి, వాళ్ళని కనిపెట్టుకుని ఉంటాం," అన్నారు. వయసెంత, దుమ్ములో ఎన్నేళ్ళు, పొగ తాగుతారా, షుగరుందా, బరువు తగ్గారా, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అని అడుగుతారు. పొడి అందరి లోపలా ఉన్నదే కాబట్టి, ఎంత పేరుకుందో ఏళ్ళని బట్టే లెక్క. జవాబులు ట్యాబులో కొడితే అది ఒక రంగు చూపిస్తుంది, ఆ రంగు కార్డే చేతికిస్తారు. ఎరుపు వస్తే ఎక్స్‌రే, నెలనెలా కళ్ళె పరీక్ష, జబ్బు లేదని తేలితే రాకుండా ఉండటానికి మాత్రలు. పసుపు వస్తే ఆరు నెలలకి రమ్మంటారు. ఎక్స్‌రే బండి ఒక్కటే, కొండలన్నీ అదే తిరగాలి. అందుకే ఈ వరస.

ఆ ప్రశ్నలు అడగడానికి కూర్చున్నది ఎవరనుకున్నారు? మా అమ్మాయే. తెల్లకోటు వేసుకుని, మెడలో కార్డు వేలాడేసుకుని, బల్ల వెనక కుర్చీలో! నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఇంటింటికీ వెళ్ళి జనాన్ని తోలుకొచ్చాను. మేస్త్రిని చెయ్యి పట్టుకుని తెచ్చాను. నా వంతు అయిపోయినా కదల్లేదు. దాని కుర్చీ వెనకే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ "మా గుంటే! మా గుంటే!" అని, మా పిల్లేనని, చెప్పుకుంటున్నాను.

మేస్త్రి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"పెదనాన్నా, దుమ్ములో ఎన్నేళ్ళు పని చేశారు?" అంది అమ్మాయి. డ్యూటీలో ఉంది కదా, ఆయన్ని మీరు అంటోంది. అది విని ఆయనకి నవ్వొచ్చింది. నవ్వుతో దగ్గొచ్చింది. చెయ్యి ఎత్తి, ఆగు అన్నట్టు చూపించాడు.

నేను ఆగానా? "అయిదేళ్ళు రాసుకోమ్మా. క్రషర్లో అయిదేళ్ళు. నాను సూత్తన్నాను కదా, మరి నాకు తెలీదేటి?" అన్నాను. అలా అంటూనే పక్కకి తిరిగి ఇంకొకరికి మా గుంటే అని చెప్పాను.

దగ్గు తగ్గాక మేస్త్రి తల ఊపాడు. అమ్మాయి అయిదు అని కొట్టింది. చుట్ట లేదు. షుగరు లేదు. ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు. పసుపు వచ్చింది.

నాకు ఎరుపు వచ్చింది. పదకొండేళ్ళ క్రషరు, చుట్ట, షుగరు.

ఆ రోజంతా ఆయన నన్ను ఏడిపించాడు. "ఒరే ఎర్రకార్డూ! నాను గెలిసినాను, నువ్వు ఓడిపోనావు," అన్నాడు. ఆ పసుపు కార్డుని ప్లాస్టిక్ కవరులో పెట్టి దేవుడి పటం వెనక దోపాడు. నేను నెలనెలా ఆస్పత్రికి బస్సెక్కుతుంటే టార్పాలిన్ కింద నుంచి కేకేసేవాడు, "ఎర్రకార్డూ! ఎల్తన్నావేటి? మీ గుంటకి నాను అడిగినానని సెప్పు!" ఆ మాత్రలకి నాకు కడుపు తిప్పేది. చెప్పుకోకూడదు గానీ, ఆయన కార్డు చూస్తే నాకు అసూయగా కూడా ఉండేది.

వానలు తగ్గి చలి మొదలయ్యేసరికి ఆయన చిక్కిపోయాడు. పసుపు కార్డు గడువు ఆరు నెలలు ఇంకా నిండలేదు. సాయంత్రాలు దుప్పటి కప్పుకునేవాడు. దగ్గు మామూలే అనుకున్నాం, అది మాకు పుట్టుమచ్చలాగా ఎప్పుడూ ఉన్నదే. అయితే ఒకటి చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు, అదే నన్ను తినేస్తోంది. ఆయన ఊదడం మానేశాడు. వరస కొట్టి, రాయి మీదికి ఒంగి, పెదాలు ముందుకు తెచ్చి, ఆగిపోయేవాడు. కోడి ఈకొకటి దగ్గర పెట్టుకుని దాంతో పొడి నెట్టేవాడు. "ఏటి మేస్త్రీ, పక్షివైపోనావు," అని హాస్యమాడాను నేను. నెలనెలా ఆస్పత్రికి వెళ్ళి వచ్చే మనిషిని, ఊపిరి గురించి అంత విన్నవాణ్ణి, హాస్యమాడాను.

కళ్ళెలో రక్తం పడిన రోజున వదిన భయపడి పరిగెత్తుకొచ్చింది. అమ్మాయి డబ్బా ఇచ్చింది, పరీక్ష కూడా అదే చేసింది. టీబీ. ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియదు.

ఆస్పత్రిలో చేర్చినప్పుడు డాక్టరుగారు మంచం పక్కన నిలబడి అన్నీ మళ్ళీ మొదటి నుంచి అడిగారు. "అయిదేళ్ళకే లోపల ఇంత పొడా?" అన్నారు. అని, వదిన వైపు తిరిగి, "అమ్మా, ఈయన మొదట ఉలి ఎప్పుడు పట్టుకున్నాడు?" అన్నారు.

"ఉలా? పదేళ్ళ గుంటడప్పుడు బాబూ. ఆళ్ళ నాన్న ఎనకాల తిరిగీవోడట. నాను కాపరానికొచ్చినప్పుడు ఇల్లంతా పొడే. రోజూ నానే తుడిసీదాన్ని," అంది వదిన.

"మరి మానేసింది?"

"మానడమేటి బాబూ? మొన్న సుక్కారం దాకా కొట్టుకుంటానే ఉన్నాడు."

మా అమ్మాయి మంచం అవతల నిలబడి ఉంది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటోంది. పదేళ్ళ నుంచి డెబ్భై దాటేదాకా. దాని మొహం చూశాను. అది నా మొహం చూసింది. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం బస్టాపులో మాత్రం, "నాకూ తట్టలేదు నాన్నా. ఆ పొడిలోనే ఆడుకున్నాను. నాకూ అది పనిలాగ కనపడలేదు," అంది.

అయిదో రోజు మేస్త్రి కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేశాను. నా నోటి వల్ల నీకు పసుపు వచ్చింది మేస్త్రీ, నిజం చెప్పి ఉంటే నీకూ ఎరుపే వచ్చేది, నాతో పాటు నెలనెలా బస్సెక్కేవాడివి, ముందే దొరికేది అన్నాను.

ఆయన మాస్కు పక్కకి లాగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు. "నువ్వు సెప్తే తలూపింది నాను కదరా. నా తలకాయ నువ్వూపినావేటి?"

కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"గుంట తెల్లకోటేసుకుని కూకుంది. నన్ను మీరు అంది. ఆ సూపు సూసుకుంటానా, ఏళ్ళు లెక్కెట్టుకుంటానా?"

అలా అని నవ్వబోయాడు. నవ్వు కూడా సగంలో ఆగిపోయింది. ఆయన నన్ను క్షమించాడని మీతో చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన నా మీద కోపమే తెచ్చుకోలేదు. అందుకే నాకు బరువు తగ్గడం లేదు.

మందులు పని చేశాయి. మూడో నెలలో కళ్ళెలో జబ్బు కనపడలేదు. అమ్మాయి ఆ సంగతి చెప్తే మళ్ళీ గంతులేసినవాణ్ణి నేనే. కానీ పొడి తిన్నది పొడి తిన్నాక, మిగిలింది జబ్బు తిన్నాక, ఊపిరి తీసుకోడానికి ఆయన లోపల చోటు మిగల్లేదని డాక్టరుగారు చెప్పారు. ఇంకో రెండు నెలలు ఆక్సిజన్ గొట్టంతో గడిపాడు. ఆ గురువారం పొద్దున్న వెళ్ళిపోయాడు.

ఆయన ఆస్పత్రిలో ఉండగానే అక్కడివాళ్ళు ఎన్నేళ్ళు పని చేశారని అడిగి ఊరుకోవడం మానేశారు. అమ్మాయి అడగ్గా, డాక్టరుగారు ఒక కాగితం మీద రాయించి బల్లకి అంటించారు. 'ఇంట్లో గానీ బయట గానీ, మొదట ఉలి పట్టింది ఎప్పుడు? ఇంట్లో పొడి ఊడ్చేది ఎవరు?' అని. మా వదినని ఇన్నేళ్ళలో ఎవరూ ఏ క్యాంపుకీ రమ్మనలేదు. ఊడవడం పని కాదు కదా మరి. ఆమెకి ఎరుపు వచ్చింది. ఎక్స్‌రే తీశారు, కళ్ళె పరీక్ష చేశారు. జబ్బు లేదు! ఆ మాట వినగానే ఆస్పత్రి వరండాలో నేను గట్టిగా అరిచేశాను, నర్సమ్మ కోప్పడింది. మాత్రలు మొదలుపెట్టింది మా వదిన. కడుపు తిప్పుతోందని నాతో చెప్తుంది, నేను తిప్పుతాదని చెప్తాను. నెలనెలా ఇద్దరం ఒకే బస్సులో వెళ్తాం. ఆ బస్సులో మూడో మనిషి ఉండాల్సింది.

క్యాంపులకి నేనూ వెళ్తున్నాను. అమ్మాయి ఒక షరతు పెట్టింది. "నాన్నా, నువ్వు అడుగు. జవాబు మాత్రం ఆళ్ళనే సెప్పనీ. దగ్గొత్తే తగ్గేదాకా ఆగు," అంది. ఆగుతున్నాను. అరవై దాటాక నేర్చుకుంటున్నాను.

పదకొండో రోజు అయిపోయాక వదిన పిలిచింది. టార్పాలిన్ కింద ఆయన సామాను అలాగే ఉంది. మధ్యలో ఒక తిరగలి పైరాయి, సగం గంట్లు కొట్టింది. "సంతలో ఎవరో గుంట పెళ్ళికని ఒప్పుకున్నాడు మరిదీ. నువ్వు పూర్తి సెయ్యి," అంది. నేను ఉలి తీసుకునేలోగా చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. "తడిపి కొట్టు. నోటికి గుడ్డ కట్టుకో. నీ కూతురు సెప్పింది, నాను కాదు."

కొట్టాల్సిన వైపు తడిపి, ఒక వరస కొట్టాను. పొడి లేవలేదు. బూడిద రంగు బురదలా కారి కిందికి జారింది. అయినా పాత అలవాటు చొప్పున ఒంగాను, గుడ్డ వెనక నా పెదాలు ముందుకొచ్చాయి. ఊదడానికి ఏమీ లేదు.

అప్పుడు చూశాను, నా వరస పక్కన ఆయన చివరి వరస. తిన్నగా, దారం పట్టినట్టుంది. రక్తం పడిన ఆ శుక్రవారం కొట్టి వదిలేసినది. ఊదలేదు. ఈక కూడా ఆడించలేదు. గీత నిండా తెల్లటి పొడి అలాగే ఉంది.

వదిన చెంబు ఎత్తింది. ఆ వరస మీద పొయ్యొద్దు అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాను.